గరిక మైదానం

వినాయక చవితినాడు పూజలో వినియోగించే ఇరవైయొక్క పత్రులలో దూర్వ ఒకటి. సంస్కృతంలో దూర్వ అనీ, తెలుగులో గరిక అనీ వ్యవహరించే ఈ గడ్డికి రాయలసీమలో రెండు ముఖాలున్నాయి. పూజావేళ అది పవిత్రం. సేద్యపువేళ అది శత్రువు. కర్నూలు, కడప ప్రాంతాల నల్లరేగడి నేలల్లో గరిక ఒకసారి వేళ్ళూనితే దానిని నిర్మూలించడం సామాన్యమైన పని కాదు. పైన కోసినకొద్దీ కింది కణుపుల నుండి అది మళ్ళీ చిగురిస్తుంది. పెద్ద మడకలు కట్టి, గడ్డపారలు పట్టి, లోతుగా తవ్వి, దాని వేళ్ళను ఏరివేయడానికి ఇక్కడి రైతులు తరతరాలుగా చెమటోడ్చారు.

రైతు ఇంతగా విసిగిపోయిన ఈ గడ్డినే ఉష్ణదేశాలలో మరికొందరు కోరి నాటి, కంటికి రెప్పలా పెంచుతున్నారు. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని సైనోడాన్ డాక్టిలాన్ అంటారు. పాశ్చాత్యులకు ఇది బెర్ముడా గడ్డి. వేడి ప్రదేశాలలోని గోల్ఫు మైదానాలలో అత్యధిక భాగం ఈ గడ్డితోనో, దీని నుండి పుట్టించిన సంకరజాతులతోనో నిండి ఉంటుంది. సంపన్నుల విలాసంగా పేరుపడిన ఆటకు ఆధారమైన గడ్డి, నిరుపేద సీమలో గట్టుమీద అడగకుండానే మొలిచే గడ్డి ఒక్కటే కావడం విశేషం. అయితే గడ్డి ఉన్నంత మాత్రాన మైదానం నిలవదు. నీరు కావాలి, కోత కావాలి, పనివారికి జీతం కావాలి. ధనబలం లేనిచోట, నీటి ఎద్దడి ఉన్నచోట, పదిమందికీ చెందిన ఒక గోల్ఫు మైదానాన్ని నడపడం సాధ్యమేనా, సాధ్యమైతే ఎట్లా అన్నదే ఇక్కడి విషయం.

ఈ ఆట స్వరూపం తెలిస్తే పోషణ సంగతి సులభంగా బోధపడుతుంది. పిల్లలు ఆడుకునే గోలీలాటలో గోలీని గుంటలో పడవేయడం ఎట్లాగో, గోల్ఫులో చిన్న బంతిని కర్రతో కొట్టి దూరాన ఉన్న గుంటలో వేయడం అట్లాగే. గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు. ఎవరు తక్కువ దెబ్బలతో ముగిస్తే వారిదే గెలుపు. పూర్తి మైదానంలో 18 గుంటలుంటాయి. ఆట మొదలుపెట్టే చిన్న తిన్నెను టీ అనీ, అక్కడి నుండి గుంట దాకా సాగే పొడవాటి పచ్చిక బాటను ఫెయిర్‌వే అనీ, గుంట చుట్టూ తివాచీ పరచినట్లుండే నున్నని భాగాన్ని గ్రీన్ అనీ అంటారు. బాటకు ఇరువైపులా కోయకుండా వదిలిన గడ్డి రఫ్. నడుమనడుమ ఉండే ఇసుక పల్లాలు బంకర్లు. ఈ అయిదింటికీ కలిపి 50, 60 హెక్టార్ల నేల పడుతుంది. అందులో గ్రీన్ల విస్తీర్ణం ఒక హెక్టారుకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. ఈ చివరి లెక్క ముఖ్యమైనది. దీని ప్రసక్తి మళ్ళీ వస్తుంది.

మన దేశానికి గోల్ఫు ఆంగ్లేయులతో వచ్చింది. కలకత్తాలో 1829లో ఏర్పడిన క్లబ్బు బ్రిటిష్ దీవులకు వెలుపల వెలసిన గోల్ఫు క్లబ్బులలో అతి ప్రాచీనమైనదిగా ప్రసిద్ధి పొందింది. విశాఖపట్నంలో 1884 నాటికే సముద్రపు ఒడ్డున ఈ ఆట మొదలైంది. అవన్నీ అధికారుల కోసం అధికారులు ఏర్పరచుకున్నవి. లోపల ఆడేవాడు దొర, బంతుల సంచి మోసేవాడు స్థానికుడు. అందువల్లనే గోల్ఫు అనగానే ఎత్తయిన ప్రహరీ, కాపలావాడు మన మనసులో మెదులుతాయి. కాని ఆట పుట్టిన స్కాట్లండులో కథ వేరు.

స్కాట్లండు తూర్పు తీరంలో సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న పట్టణం ఉంది. ఊరికీ సముద్రానికీ నడుమ ఇసుకమేటలు వేసిన, సేద్యానికి పనికిరాని నేల ఉండేది. అక్కడ ఊరివారు గొర్రెలను మేపుకునేవారు, బట్టలు ఆరవేసుకునేవారు, బంతాటలు ఆడుకునేవారు. 1552లో అక్కడి ప్రధాన మతాచార్యునికి ఆ నేలలో కుందేళ్ళను పెంచుకునే అనుమతి లభించినప్పుడు, అక్కడ గోల్ఫు ఆడుకునే హక్కు, పశువులను మేపుకునే హక్కు ఊరివారికి యథాతథంగా ఉంటాయని పత్రంలో స్పష్టంగా రాసుకున్నారు. మన గ్రామాలలో మేత పోరంబోకు మీద ఊరందరికీ ఉండే హక్కు వంటిదే అది.

గడ్డి కోసే యంత్రం అప్పటికి లేదు. దానికి ఆంగ్లేయుడైన ఎడ్విన్ బడ్డింగ్ పేటెంటు పొందినది 1830లో. అంతకుముందు గొర్రెలే కోతగాళ్ళు, కుందేళ్ళే కోతగాళ్ళు. చలిగాలి నుండి తప్పించుకోవడానికి గొర్రెలు ఒదిగి పడుకున్న పల్లాలే క్రమంగా బంకర్లయ్యాయని అక్కడివారు చెబుతారు. గొర్రెల ఎరువే ఎరువు, వానే నీరు. మైదానం పోషణకు దాదాపు పైసా ఖర్చు లేదు.

ఆ పట్టణానికి కష్టకాలం పద్దెనిమిదో శతాబ్దం చివర వచ్చింది. పట్టణసభ అప్పుల్లో కూరుకుపోయి, 1797లో ఆ నేలను చేజార్చుకున్నది. కొద్దికాలంలోనే అది కుందేళ్ళ వ్యాపారుల వశమైంది. వారికి కుందేళ్ళ మాంసం, చర్మం ముఖ్యం; ఆట కాదు. కుందేళ్ళు తవ్విన బొరియలతో మైదానం గుల్లయింది. గోల్ఫు ఆడేవారు తమకున్న పాత హక్కును చూపి న్యాయస్థానాలకెక్కారు. ఈ తగవు ఇరవై ఏళ్ళకు పైగా నడిచింది. చివరకు 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి ఆ నేలను కొని, ఆటకు నిలబెట్టాడు. 1894లో పార్లమెంటు చట్టం ద్వారా అది తిరిగి పట్టణ పరమైంది. 1974 నుండి ఒక ధర్మకర్తృ సంస్థ దానిని నిర్వహిస్తున్నది. నేటికీ అది ప్రజల మైదానమే. అక్కడి ప్రాచీన మైదానంలో ఆదివారాలు సాధారణంగా ఆట ఉండదు. ఆనాడు ఊరి జనం పిల్లాపాపలతో, కుక్కలతో దాని మీద వ్యాహ్యాళికి వెళతారు. అప్పుల కాలంలో ఆ నేలను కాపాడినది నోట్ల కట్టలు కాదు. 1552 నాటి పత్రంలోని ఒక్క షరతు.

ఆ మైదానాన్ని 1860ల నుండి 1903 వరకు చూసుకున్న టామ్ మోరిస్ పేరు ఈ రంగంలో అందరికీ తెలిసినదే. ఆయనకు ముందు గ్రీన్ల సంరక్షణకు ఒక పద్ధతి లేదు. ఎక్కడో ఒక తోపుడుబండి ఒరిగి ఇసుక ఒలికిపోతే, కొన్నాళ్ళకు అక్కడ గడ్డి మరింత దట్టంగా రావడం ఆయన గమనించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమైనా కాకపోయినా, ఇసుక చల్లడమే ఆయన పద్ధతిగా స్థిరపడింది. పలుచగా చల్లిన ఇసుక గడ్డి మొదళ్ళ నడుమకు దిగి, నేలను చదును చేస్తుంది, నీటిని నిలవనీయదు, కొత్త వేళ్ళకు చోటిస్తుంది. ఇంతకన్నా చవకైన వైద్యం మైదానానికి నేటికీ కనిపెట్టలేదు. ఆదివారం మైదానానికి సెలవు ఉండాలని పట్టుబట్టినవాడూ ఆయనే. తొక్కుడుపడిన గడ్డికి విశ్రాంతి ఎరువుతో సమానమని ఆయనకు తెలుసు.

స్కాట్లండు చల్లని దేశం. అక్కడి తుంపర రాయలసీమలో లేదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లు, ఉమ్మడి కడప జిల్లాలో సుమారు 700 మిల్లీమీటర్లు వాన పడుతుంది. అదీ ఏడాది పొడుగునా పంచినట్లు పడదు. కొద్ది నెలలలో, కొద్ది దినాలలో కురిసి వెళ్ళిపోతుంది. మార్చి మొదలు జూన్ దాకా ఎండ నిప్పులు చెరుగుతుంది. ఆ కాలంలో పచ్చికను పచ్చగా ఉంచాలంటే రోజుకు అయిదు మిల్లీమీటర్ల నీరైనా పెట్టాలి. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది పదివేల లీటర్లు. అంటే హెక్టారుకు రోజుకు యాభైవేల లీటర్లు. ఫెయిర్‌వేలన్నీ కలిసి 12 హెక్టార్లనుకుంటే రోజుకు ఆరు లక్షల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకరుతో లెక్కిస్తే 120 ట్యాంకర్లు. పట్టణవాసికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది మన దేశంలో అనుసరించే ప్రమాణం. ఆ ప్రకారం ఈ నీరు నాలుగువేల నాలుగువందల మందికి సరిపోతుంది. వేసవిలో బిందెలు వరుసబెట్టి కొళాయి కోసం ఎదురుచూసే వీథుల పక్కన ఇంత నీటిని ఆట కోసం పారించే హక్కు ఎవరికీ లేదు. ప్రజల సొమ్ముతో నడిచే మైదానానికి అసలే లేదు.

అదే గ్రీన్లకు మాత్రమే నీరు పెడితే? తొమ్మిదివేల చదరపు మీటర్లకు రోజుకు నలభైఅయిదువేల లీటర్లు, అంటే తొమ్మిది ట్యాంకర్లు చాలు. 18 గుంటలకు బదులు తొమ్మిది గుంటల మైదానం కట్టి, దానినే రెండుమార్లు చుట్టివచ్చేట్లు ఆడితే అందులోనూ సగమే. 120 ఎక్కడ, నాలుగున్నర ఎక్కడ!

నీటికి మించిన నేలను తడపబూనడం దోషమన్న సంగతి ఈ సీమవారికి కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ కాలం పట్టిందని శాసనం చెబుతుంది. అంతటితో ఆగక, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది పేర్కొంటుంది. కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం వంటివాటి సరసన, నీరు కొంచెమై తడపవలసిన నేల మిక్కుటం కావడాన్ని కూడా ఆ దోషాలలో చేర్చారు. చెరువుకు చెప్పిన ఈ దోషం మైదానానికీ అక్షరాలా వర్తిస్తుంది. చేతిలో ఉన్న నీటిని ముందు కొలిచి, ఆ తరువాతనే పచ్చికకు హద్దు గీయాలి. హద్దు ముందు గీసి తరువాత బోర్లు వేయించుకుంటూ పోయినవారి పొలాల సంగతి అనంతపురం నుండి కడప దాకా ఎవరిని అడిగినా చెబుతారు.

అయితే నీరు పెట్టని 11, 12 హెక్టార్ల ఫెయిర్‌వేల గతి ఏమిటి? ఇక్కడే గరిక స్వభావం అక్కరకు వస్తుంది. వేసవిలో అది పసుపుబారి, గడ్డిపోచలా మారి, చచ్చినట్లు కనబడుతుంది. కాని నేలలోని కాడలలో ప్రాణం దాచుకుంటుంది. తొలకరి పడిన వారానికే ఆకు వేస్తుంది. రైతును ఏడిపించిన ఈ గుణమే మైదానపు పనివానికి వరం. ఎండిన గరిక మీద ఆట చెడదు, సరికదా బంతి మరింత దూరం దొర్లుతుంది. 2006లో ఇంగ్లండులోని హాయ్‌లేక్‌లో జరిగిన ప్రఖ్యాతమైన ఓపెన్ పోటీ ఎండకు గోధుమవన్నె తిరిగిన మైదానం మీదనే సాగింది. మైదానమంటే టెలివిజన్‌లో కనబడే చిలకపచ్చ రంగే అన్న భ్రమ పోతే పోషణలో సగం భారం తగ్గినట్లే. గరికకు ఉన్న పెద్ద లోపం ఒక్కటే. అది నీడను ఓర్చదు. కనుక నీడకోసం వేసే వేప, కానుగ చెట్లను ఆటబాటకు దూరంగా, రఫ్ అంచున నాటుకోవాలి.

గ్రీన్ల విషయం ఇంత సులువు కాదు. అక్కడ గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కోయాలి. గట్టుమీది నాటు గరిక అంత పొట్టి కోతను భరించదు; పలుచబడిపోతుంది. అందుకోసం అమెరికాలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రం వంటివి గరిక నుండి పొట్టి సంకరజాతులను రూపొందించాయి. అవి మంచివే. కాని వాటికి దాదాపు రోజూ కోత, క్రమం తప్పని నీరు, ఎరువు, చీడలపై కన్ను ఉండాలి. డబ్బు లేనిచోట దీనికొక ప్రత్యామ్నాయం ఉంది. గడ్డికి బదులు ఇసుకతోనే గ్రీన్ వేయడం. వీటిని రంగును బట్టి బ్రౌన్లు అంటారు. భారతదేశంలోను, ఆస్ట్రేలియాలోని మారుమూల ఊళ్ళలోను ఇవి చిరకాలంగా ఉన్నాయి. ఇసుక గాలికి ఎగరకుండా కొద్దిగా నూనె కలిపి, గట్టిగా చదును చేస్తారు. ఆటగాడు బంతిని గుంటలోకి నెట్టబోయే ముందు చెక్కపలకతో దారిని సవరించుకుంటాడు. చుక్క నీరు అక్కరలేదు. అయితే వాడిపారేసిన ఇంజను నూనెను పోసే అలవాటు మంచిది కాదు. అది నేలలోకి దిగి బావినీటిని చెరిచే ప్రమాదముంది. ఇసుకతో ఆడడం చిన్నతనమని ఎవరైనా అనుకుంటే, అమెరికాలో పేరుమోసిన పైన్‌హర్స్ట్ రెండో మైదానంలో 1930ల నడుమ దాకా ఇసుక గ్రీన్లే ఉండేవని గుర్తుచేయవచ్చు.

ఆ పైన్‌హర్స్ట్ కథలో మరో మలుపు ఉంది. కాలక్రమంలో ఆ మైదానం కూడా చెట్ల మొదళ్ళ దాకా పచ్చికను పరచుకుని, గొట్టాలతో నీరు చిమ్ముకునే స్థితికి వచ్చింది. 2010, 2011 సంవత్సరాలలో దానిని తిరిగి పాతరూపానికి తెచ్చారు. సుమారు 35 ఎకరాల బెర్ముడా గడ్డిని తొలగించి, ఇసుకను, అక్కడి అడవిగడ్డిని రానిచ్చారు. నీరు చిమ్మే గొట్టాలు 1150 నుండి 450కి తగ్గాయి. 2014 జూన్‌లో పురుషుల, స్త్రీల జాతీయ పోటీలు రెండూ వరుస వారాలలో అక్కడే జరిగాయి. కోట్లు ఉన్నవారే నీరు తగ్గించుకున్న చోట, లేనివారు పెంచుకోబోవడం విడ్డూరం.

కోతకు సంబంధించిన నియమం ఒకటి ఖర్చు లేకుండానే పాటించవచ్చు. ఒక్క కోతలో ఆకు పొడవులో మూడోవంతు కన్నా ఎక్కువ తీయరాదు. అంతకు మించి తీస్తే వేరు కుంచించుకుపోయి, మరింత నీరు అడుగుతుంది. యంత్రపు కత్తికి పదును ఉండాలి. మొండికత్తి ఆకును కోయదు, చీలుస్తుంది. నీరు పెట్టేటప్పుడు రోజూ పైపైన చిలకరించే బదులు, తెల్లవారుజామున, రెండు మూడు రోజులకొకసారి లోతుగా దిగేట్లు పెడితే వేళ్ళు నీటిని వెదుకుతూ కిందికి పోతాయి. ఫెయిర్‌వేలకు, రఫ్‌కు యంత్రమే ఉండాలన్న నియమం లేదు. రాయలసీమలో కోతలయ్యాక పొలంలో గొర్రెల మందను రాత్రిపూట ఆపించుకుని, కాపరికి ధాన్యమో డబ్బో ముట్టజెప్పే ఆచారం ఉంది. గొర్రె మేత మేస్తుంది, ఎరువు వేస్తుంది. సెయింట్ ఆండ్రూస్‌లో మొదట జరిగినదీ అదే కదా! వానకాలపు తడినేల మీదికీ, గ్రీన్ల మీదికీ మాత్రం మందను తోలరాదు. గిట్టల గుంటలు పూడ్చడానికి అయ్యే కూలి మిగిలిన లాభాన్ని తినివేస్తుంది. నల్లరేగడి అయితే మరీ జాగ్రత్త. తడిస్తే బురద, ఎండితే నెర్రెలు. అటువంటి నేలలో కనీసం గ్రీన్లు, టీలు ఉన్నచోట ఇసుక, ఎర్రమట్టి తోలించి ఎత్తు చేయక తప్పదు.

నీటికి మరో మార్గం పట్టణపు మురుగునీటిని శుద్ధి చేసి వాడడం. చండీగఢ్‌లో అట్లా శుద్ధి చేసిన నీటిని పార్కులకు, గోల్ఫు మైదానానికి మళ్ళించారు. కర్నూలు, కడప వంటి నగరాలు నిత్యం వదిలే మురుగునీరు ఎండాకాలంలోనూ ఆగదు. ఆ నీటిలో లవణాలు ఎక్కువైనా గరిక చాలావరకు తట్టుకుంటుంది. వానలు పడ్డప్పుడు ఉప్పును కడిగిపోయేట్లు నేలకు వాలు, కాలువ ఉంటే చాలు.

ఇక ధనం మాట. పూర్వం రాయలసీమలో చెరువు కట్టినవారికి, బాగుచేసినవారికి దశబంధం పేరిట కొంత భూమిని ఇచ్చేవారు. ఆ భూమి ఫలాన్ని అనుభవించినవాడు చెరువు పోషణ భారం వహించాలి. కట్టిననాడే మరమ్మతుకు రాబడి చూపించడం అందులోని కీలకం. నేటి ప్రజానిర్మాణాలలో ఎక్కువభాగం ప్రారంభోత్సవానికి నిధులు ఉండి, మూడో ఏట పాడైన పంపు బాగుచేయించడానికి నిధులు లేక పాడుపడుతున్నాయి. మైదానానికి ఆనుకుని నాలుగు దుకాణాలు కట్టి, వాటి అద్దెను పచ్చికకే రాసియిస్తే ఏడాదికొకసారి చేయి చాపవలసిన పని ఉండదు. ఆడేవారి నుండి రుసుము తీసుకోవడం తప్పు కాదు. ఊరివారికి ఒక ధర, పైవారికి మరొక ధర పెట్టవచ్చు. ఉదయం ఎనిమిది దాకా నడిచేవారికీ, పరుగుపందేలకు తయారయ్యే విద్యార్థులకూ మైదానం తెరిచి ఉంచడం అంతకన్నా ముఖ్యం. పదిమంది కాలు పెట్టే నేలను అమ్మబోతే పదిమంది అడ్డుపడతారు; గోడ వెనుక నలుగురు ఆడుకునే నేల ఎప్పుడు చేతులు మారినదీ ఎవరికీ తెలియదు.

ఇంత చేసినా కరవు రాకమానదు. అటువంటి ఏడాది తొమ్మిది గుంటలలో మూడింటిని మూసివేసి, ఉన్న నీటిని మిగిలిన ఆరింటికి పెట్టుకోవచ్చు. నాటు గరిక ఉన్నంత మేర మూసినచోట నష్టమేమీ ఉండదు. తొలకరికి అది తానుగా లేస్తుంది, ఇసుక చల్లి రెండు కోతలు కోస్తే ఆట మళ్ళీ మొదలవుతుంది. బోరు అడుగంటేదాకా ఫెయిర్‌వేలన్నింటికీ నీరు పారించిన మైదానానికి ఈ వెసులుబాటు ఉండదు. అక్కడ మిగిలేది వంకర తిరిగిన గొట్టాలు, మోటారు మీద కట్టవలసిన కరెంటు బిల్లు.